డిగ్రీ వచ్చింది, బిల్లు రాయడం రాలేదు

నిన్న విజయవాడలో మా ఆఫీసుకు ఒకమ్మాయి ఉద్యోగానికి వచ్చింది. బీకాం, ఫస్ట్ క్లాస్. హైదరాబాద్‌లో మా సరుకు కొనే పార్టీకి పెయింట్ డబ్బాల బిల్లు చేయమన్నాను. కేంద్రం వాటా సీజీఎస్టీ 9 శాతం, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 9 శాతం వేసేసింది. "సరుకు రాష్ట్రం దాటితే ఆ రెండూ కాదు, ఒకటే పన్ను, ఐజీఎస్టీ 18 శాతం కదమ్మా" అన్నాను. బిత్తరపోయి చూసింది. కళ్లలో నీళ్లు.

తప్పు ఆ పిల్లదా? కాలేజీలో మూడేళ్లలో ఒక్క అసలు బిల్లయినా చేతికిచ్చి చూపించారా? జీఎస్టీ వచ్చింది 2017 జులైలో! ఇంకా నిర్వచనాలు, లక్షణాలేనా? పార్టీ జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్ర, 36 అయితే తెలంగాణ. ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదే!

ల్యాబ్ ఉందట, తాళం వేసి ఉంటుందట. కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీని రికార్డు పుస్తకంలో రాయించారట. చేత్తో! మెయిల్‌కు సబ్జెక్ట్ పెట్టాలని ఎవరూ చెప్పలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెక్కలు సరిచూడడం ఊసే లేదు. ఇప్పుడు మళ్లీ కోచింగ్ సెంటర్‌కు వేలు పోయాలి. అప్పు చేసి ఫీజు కట్టిన ఆ తండ్రికి ఎవరు సమాధానం చెబుతారు? ఒళ్లు మండిపోతోంది.

సోమవారం మళ్లీ రమ్మన్నాను. పాత బిల్లుల ఫైలు తీసి పెట్టాను.