ఆసుపత్రి కవర్‌కు జాతీయ గుర్తింపు ఇవ్వాలి

హైదరాబాద్ గల్లీ క్లినిక్‌లలో ఇవాళ్టికీ నమ్మకంగా పనిచేస్తున్న ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు సిస్టమ్ ఏదైనా ఉందంటే అది పేషెంటు చంకలో పెట్టుకొచ్చే పాలిథీన్ కవర్. అది ఎలక్ట్రానిక్ ఎట్లా అవుతుందని అడక్కండి, లోపల ఈసీజీ ఉంది. దాంతోపాటు ఎప్పటిదో ఎక్స్‌రే, మూడు ల్యాబుల షుగర్ రిపోర్టులు, అయిపోయిన గోలీల షీట్లు, రేషన్ కార్డు జిరాక్స్, ఎందుకైనా మంచిదని ఒక కరెంటు బిల్లు.

ఇది నేను సరదాకి అనడం లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఒకసారి, 2016లో ఇంకోసారి ఈ ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డులకు ప్రమాణాలు ప్రకటించింది. 2021 సెప్టెంబరులో ఈ రికార్డులన్నిటినీ ఆన్‌లైన్‌లో కలపడానికి ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. ఇన్ని వందల పేజీలు పిండితే వచ్చే రసం కొంచెమే. రికార్డు మీద హక్కు పేషెంటుది, ఆయన ఒప్పుకుంటేనే డాక్టరు చూడాలి, ఒక ఆసుపత్రిది ఇంకో ఆసుపత్రిలో తెరుచుకోవాలి, పాతది పోకూడదు. కవర్ అన్నిట్లోనూ డిస్టింక్షన్‌లో పాసైంది. పేషెంటు ఇస్తేనే చేతికొస్తుంది, కూకట్‌పల్లిలో వేసిన ముడి ఉస్మానియాలో కూడా విప్పుకోవచ్చు, వానకు తడవదు. పేషెంటు రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. కవర్ ఆ ముడి విప్పేంతసేపట్లో ఇస్తుంది.

ఇక కవర్‌కు పోటీగా దిగిన సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం. పక్క వీధి డాక్టరు కొన్నాడని మన డాక్టరు గారు కూడా కొంటారు. కంపెనీ కుర్రాడొకడు వచ్చి రిసెప్షన్ అమ్మాయికి గంటసేపు ట్రైనింగ్ ఇస్తాడు. ఆ అమ్మాయికి పెళ్లి కుదిరి మానేస్తూ పోతూ పోతూ మెడికల్ షాపు అబ్బాయికి చూపించి పోతుంది, అతను కొత్తమ్మాయికి నేర్పుతాడు, అలా ఆ విద్య గురుశిష్య పరంపరలో సాగుతూ ఉంటుంది. పరంపరలో మొదట పోయింది 'సేవ్' తర్వాత నొక్కాల్సిన 'కన్ఫర్మ్' బటన్.

అసలు కథ పేరు దగ్గరే మొదలవుతుంది. లక్ష్మమ్మ గారు ఒక్కరే, సిస్టమ్‌లో మాత్రం లక్ష్మి కె, కె లక్ష్మి, లక్ష్మమ్మ, లక్ష్మీబాయి అని నలుగురు. నలుగురికీ వేరువేరు బీపీలు. నలుగురిలో ఒకావిడకే సల్ఫా మందు పడదు, ఇవాళ తెరిచింది ఆవిడ పేజీ కాదు. పోనీ ఫోన్ నంబరు కొట్టి వెతుకుదామంటే ఇంటిల్లిపాదికీ పెద్దకొడుకు నంబరే, కాబట్టి కోడలి స్కానింగ్ రిపోర్టు మామగారి పేజీలోకి చేరి, ఆయనకు పన్నెండో వారం నడుస్తున్నట్టు తేలుతుంది. వయసెంతమ్మా అని అడిగితే "అరవయ్యో డెబ్బయ్యో ఏస్కో బిడ్డా" అంటుంది. సాఫ్ట్‌వేర్ అట్లా ఊరుకోదు, పుట్టిన తేదీ కావాలంటుంది, అందుకే మా ఏరియాలో ముసలివాళ్లలో చాలామంది జనవరి 1న పుట్టారు. ఈమెయిల్ ఇవ్వందే ముందుకు కదలదు గనక పేషెంట్లందరికీ క్లినిక్ ఈమెయిలే. ఆ లెక్కన రిసెప్షన్ అమ్మాయి ఒక్కతికే అందరి రోగాలూ.

ఆ డిజిటల్ మిషన్ ఇచ్చే పద్నాలుగు అంకెల ఆరోగ్య గుర్తింపు నంబరు, అదే ఆభా, తీసుకుంటే ఈ గొడవంతా తీరిపోతుంది కదా అంటారు. తీరుతుంది, ఓటీపీ వస్తే. ఆధార్‌కు లింకైన ఫోన్ కొడుకు దగ్గరుంది, కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు, అక్కడ టైము మనకంటే గంటన్నర వెనక, ఆయన డ్యూటీలో ఫోన్ ముట్టుకోనివ్వరు. సాయంత్రం ఆయన ఫోన్ చేసి ఓటీపీ చెప్పేసరికి తల్లి జ్వరం తగ్గి ఇంటికి కూడా పోయింది.

బ్యాకప్ మాత్రం పకడ్బందీగా ఉంది. రాత్రి పన్నెండింటికి దానంతట అదే తీసుకునేలా కంపెనీవాళ్లు సెట్ చేసి వెళ్లారు. క్లినిక్ తొమ్మిదిన్నరకు కట్టేస్తారు. రిసెప్షన్ అమ్మాయి మెయిన్ ఆఫ్ చేసి, దేవుడి ఫొటోకు దండం పెట్టుకుని తాళం వేస్తుంది. బ్యాకప్‌లో పనిచేస్తున్న భాగం ఆ దండం. ఒకవేళ హార్డ్ డిస్క్ పోతే దాన్ని ఆటోలో పెట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పరిగెత్తాలి. అక్కడ కౌంటర్లో అబ్బాయి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని పెదవి విరుస్తాడు. (డాక్టరు గారు జీవితంలో ఎంతోమంది బంధువుల ముందు అదే ముఖం పెట్టి ఉంటారు, ఆయనకు వెంటనే అర్థమవుతుంది.)

సపోర్టుకు ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేసి చూడండి సార్" అంటారు. చూశామయ్యా అంటే "రిమోట్ తీసుకుంటాం, ఓకే నొక్కండి" అంటారు. సరిగ్గా సోమవారం పొద్దున, వైరల్ జ్వరాల సీజన్లో, బెంచీలు నిండి మెట్ల మీద కూడా జనం కూర్చున్నప్పుడు అప్‌డేట్ మొదలవుతుంది. కంప్యూటర్‌లో విండోస్ 7, దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సెలవు చెప్పేసింది. కొత్త విండోస్ వేద్దామంటే ఈ సాఫ్ట్‌వేర్ అందులో తెరుచుకోదు. ఏఎంసీ, అంటే ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు, మాత్రం టంచనుగా కట్టాలి.

మరి కాగితం అంత చేతకానిదా? రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇక్కడే సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా జీవిని పట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఆయన రాసుకున్నవి ఇప్పటికీ చదవొచ్చు. ఏ సంవత్సరమూ లైసెన్సు రెన్యువల్ అడగలేదు. ఆ సంతోషంలో ఆయన పద్యం కూడా రాశాడు, మన సాఫ్ట్‌వేర్‌లో అయితే పద్యానికి ఫీల్డ్ లేదు, 'ఇతర వివరాలు'లో యాభై అక్షరాలకు సర్దుకోవాలి. పెద్దవాళ్లకైనా అంతే, 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) దాడి జరిగితే అంత ఆసుపత్రీ రోజుల తరబడి కాగితాల మీదే నడిచింది.

ఈ విద్యలో మన ఊరు వెనకబడి ఉందా అంటే అదీ లేదు, మంట అంతా అక్కడే. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కళ్లు మూసుకుని రాయి విసిరితే మెడికల్ కోడింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డుకు తగులుతుంది. అమెరికా పేషెంట్ల రికార్డుల్లో ఒక్కో రోగానికీ, దెబ్బకీ ఒక కోడ్ వేసే విద్య అది. అమెరికాలో 2009లో హైటెక్ అనే చట్టం తెచ్చి, కంప్యూటర్ రికార్డులకు మారిన డాక్టర్లకు ప్రభుత్వమే డబ్బులిచ్చింది. (మన హైటెక్ సిటీ 1998 నాటిది, పేరు ఎవరు ఎవరి దగ్గర కొట్టేశారో మీరే తేల్చండి.) 2015 అక్టోబరులో వాళ్లు ఐసీడీ-10 అనే రోగాల కోడ్‌ల జాబితాకు మారారు, దాదాపు 70 వేల కోడ్‌లు. బాతు ఢీకొడితే ఒక కోడ్, ఆవు కరిస్తే ఒకటి, ఆవు కుమ్మితే మళ్లీ వేరే. బీఫార్మసీ చదివిన మన పిల్లలు అవన్నీ బట్టీపట్టి, ఒహాయోలో ఎవరినో బాతు ఢీకొట్టిందంటే పొల్లు పోకుండా నమోదు చేస్తారు. అదే పిల్లవాడి తండ్రిని బాగ్‌లింగంపల్లి రోడ్డు మీద నిజంగా ఆవు కుమ్మితే ఇక్కడి రికార్డులో "నొప్పి, ఇంజెక్షన్ ఇచ్చాం" అని ఉంటుంది.

ఇప్పుడు చట్టం కూడా తోడైంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాకు సరైన భద్రత పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. మన క్లినిక్‌లో భద్రత ఉంది, పాస్‌వర్డ్ చీటీ మానిటర్ మీంచి ఊడిపోకుండా సెల్లోటేపు వేశారు. అయినా లెక్క కట్టి చూద్దాం. ఓపీ మూడు వందలు, రోజుకు నలభై మంది, ఆదివారాలూ పండగలూ సెలవు లేవు, డాక్టరు గారు టీ కూడా తాగరు అనుకుంటే, 250 కోట్లు రావడానికి దాదాపు 570 ఏళ్లు పడుతుంది. 1591లో కులీ కుతుబ్‌షా ఈ ఊరు కట్టిన నాడే ఆయన ఓపీ మొదలుపెట్టి ఉన్నా ఇంకో 130 ఏళ్లకు పైగా నాడి చూస్తూ కూర్చోవాలి.

ఈ టెన్షన్ అంతా చూసి కంపెనీ సేల్స్ అబ్బాయి మొన్న క్లౌడ్ వెర్షన్ పట్టుకొచ్చాడు.

"ఇందులో అన్నీ ఆటోమేటిక్ సార్."

"మరి పాత డేటా?"

"మొత్తం ఎక్కించేస్తాం సార్, చార్జీ వేరే. మీరు ఎక్సెల్‌లో ఇస్తే చాలు."

"అది మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది కదయ్యా!"

"అది పాత టీమ్ సార్, వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఒక పని చేయండి, పేషెంట్లందర్నీ ఒకసారి కవర్లు తీసుకుని రమ్మనండి."