సవరణ: ఏటీవీ రిజిస్ట్రేషన్ గురించి
పేరు తెలియని కంపెనీ ఏటీవీ (ఇసుక, మట్టి దారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) కొన్నా సరే, తర్వాత రిజిస్ట్రేషన్ చేయించుకుని భీమిలి రోడ్డు మీద నడుపుకోవచ్చని మొన్న రాశాను. అది తప్పు, కనుక్కోకుండా రాశాను. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ రోడ్డెక్కకూడదు, ఆ రిజిస్ట్రేషన్‌కేమో డీలరిచ్చే ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్), బండి భద్రత, కాలుష్య ప్రమాణాలకు సరిపోతుందని తయారీ కంపెనీ ఇచ్చే ఫారం 22 కావాలి, పైగా ఆ మోడల్‌కు ముందే టెస్టింగ్ జరిగి ఆమోదం ఉండాలి. డీలర్ లేకుండా తెప్పించిన బండికి ఈ కాగితాలు ఎవరిస్తారు? చట్టం చదివి, రిజిస్ట్రేషన్ పనులు చూసే ఒకాయన్ని అడిగాక తెలిసింది.

స్పేర్లు ఏ షెడ్డులోనైనా దొరుకుతాయన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పంపే సీవీటీ (గేర్లు మార్చక్కర్లేని ఆటోమేటిక్ గేర్ వ్యవస్థ) బెల్టు కొలత కాస్త తేడా వచ్చినా పనికిరాదని గాజువాకలో మెకానిక్ చెప్పారు, ఇక పార్ట్ నంబరు చెప్పే డీలరే లేకపోతే బండి అలా మూలన పడి ఉండాల్సిందే. నా పోస్టు చూసి అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లు దయచేసి ఆగండి, ముందు ఫారం 22 చూపించమనండి.