హెలెన్ కెల్లర్ పక్కన కూర్చున్నావిడకి జీతం ఎవరిచ్చారు?

స్కూల్లో హెలెన్ కెల్లర్ పాఠం విననివాళ్ళు తక్కువే గానీ ఆ పాఠం ఎప్పుడూ చేతిపంపు దగ్గరే ఆగిపోద్ది. 19 నెలల పిల్లప్పుడు జబ్బు చేసి చూపూ వినికిడీ రెండూ పోయాయి, ఏడో ఏట అనీ సలివన్ అనే టీచరమ్మ వచ్చి ఒక చేతి మీద నీళ్ళు పడుతుంటే ఇంకో చేతిలో ఆ మాటని వేళ్ళతో అక్షరం అక్షరం పెట్టింది, పిల్లకి వెలిగింది, అంతే, ఇక మాస్టారు పట్టుదల గురించి మొదలెడతారు. అది 1887. హెలెన్ చనిపోయింది 1968లో. మధ్యలో 81 ఏళ్ళు ఏం చేసిందో మనకి ఎవరూ చెప్పలేదు.

చాలానే చేసింది. 1904లో డిగ్రీ, 1909లో సోషలిస్టు పార్టీ, ఆడవాళ్ళ ఓటు హక్కు, కార్మికుల సమ్మెలు. పుట్టగానే చూపు పోయే పిల్లల్లో చాలామందికి తల్లి నుంచి వచ్చే ఇన్ఫెక్షనే కారణమని, అది కూడా సుఖవ్యాధి అని, కళ్ళల్లో చుక్కల మందు వేస్తే ఆగిపోద్దని పత్రికల్లో రాసింది, మర్యాదస్తులు నోరెత్తని రోజుల్లో. మన గుంటూరులో, బెజవాడలో లయన్స్ క్లబ్ ఉచిత కంటి శిబిరం బ్యానర్లు చూస్తూనే ఉంటాం కదా, ఆ క్లబ్బుల్ని కంటిచూపు పనిలోకి దింపింది 1925లో అమెరికాలో వాళ్ళ మహాసభలో ఈవిడ చేసిన ప్రసంగమే.

ఇదంతా పట్టుదలేనా? పట్టుదల లేదని కాదు. కాలేజీలో ప్రతి క్లాసులో లెక్చరర్ చెప్పేదంతా పక్కన కూర్చుని చేతిలోకి ఎక్కించింది సలివనే, తన కళ్ళు కూడా సరిగ్గా లేని మనిషి. 1936లో తను చనిపోయేదాకా 49 ఏళ్ళు అదే పని, తర్వాత పాలీ థామ్సన్ అని ఇంకో ఆవిడ. మరి వీళ్ళ ఖర్చు? రచయిత మార్క్ ట్వేన్ సిఫార్సు చేస్తే స్టాండర్డ్ ఆయిల్ అనే చమురు కంపెనీ పెద్ద హెన్రీ రోజర్స్ చదువు ఖర్చు చూశాడు, ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ పెన్షన్ ఇస్తానంటే మొదట వద్దని, 1913లో ఒప్పుకుంది. సోషలిస్టు అయ్యుండి కార్నెగీ డబ్బులా అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. నాకైతే ఆవిడ కథలో అసలు పాఠం అక్కడే కనపడుద్ది, పక్కన మనిషి ఉండాలి, ఆ మనిషి కడుపు నిండాలి.

ఇది నాకు పుస్తకాల్లో తట్టలేదు, మా చుట్టాలాయనకి తోడుగా గుంటూరులో వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకి వెళ్ళినప్పుడు తట్టింది. బెంచీ మీద నా పక్కన ఒక తల్లీ కొడుకూ. అబ్బాయికి ఇరవై దాటుంటాయి. చిన్నప్పటినుంచీ చెవి మందం, మిషన్ పెట్టుకుని తెలుగు మీడియంలో తొమ్మిదో తరగతి దాకా చదివాడంట, పన్నెండో ఏట రేచీకటి మొదలై మెల్లగా పగలు కూడా చీకటైపోయింది, ఇప్పుడు చెవి పూర్తిగా పోయింది. డాక్టర్లు అషర్ సిండ్రోమ్ అన్నారంట. తల్లి వేపు నుంచీ తండ్రి వేపు నుంచీ రెండు వైపులా అదే జన్యులోపం వస్తేనే ఇది బయటపడుద్ది, మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. వీళ్ళదీ మేనరికమే. నేను అడగలేదు, ఆవిడే చెప్పింది, తప్పు చేసినదానిలా తల దించుకుని, అదే నాకు బాధేసింది.

ఆవిడ చూపుడువేలితో వాడి అరచేతిలో తెలుగు అక్షరాలు రాస్తుంది. ఒత్తులు రాయదు, తలకట్టు పెట్టదు, "అన్నం" అంటే అ, న, సున్నా, అంతే, వాడికి అర్థమైపోద్ది. రెండుసార్లు తడితే బాత్రూమ్. నాన్న మిర్చి యార్డులో హమాలీ, ఆయన గుమ్మంలోకి రాగానే ఆ ఘాటుకే వీడికి తెలిసిపోద్దంట, రాయక్కర్లేదు. క్యాంపులో మాత్రం టోకెన్ నంబర్లు నోటితో పిలుస్తున్నారు, చెవికి ఈరోజు, కంటికి ఇంకో రోజు రమ్మన్నారు, రెండూ లేనివాడు ఒకడు ఉంటాడని ఆ ఏర్పాటు చేసినవాళ్ళకి తట్టినట్టు లేదు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ళ పేరు కూడా అందులో ఉంది, ఉద్యోగాల 4 శాతంలో ఆఖరి 1 శాతం ఆటిజం, మానసిక వైకల్యాలతో కలిపి పంచుకోవాలి. ఎక్కువ సాయం కావాల్సిన వాళ్ళు సాయం కోసం అర్జీ పెట్టుకోవచ్చని 38వ సెక్షన్ అంటుంది. మన రాష్ట్రంలో 2024లో దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 చేశారు, మంచిదే, కాదనను. కానీ ఈవిడ వాడి పక్కన కూర్చోవడం కోసం జాకెట్లు కుట్టే మిషన్ అమ్మేసింది, ఆ మిషన్ మీద నెలకి అంతకంటే ఎక్కువే వచ్చేదంట. లెక్క చూస్తే ప్రభుత్వం అబ్బాయికి ఇస్తోంది, సలివన్ పని చేస్తున్న అమ్మ దగ్గర తీసేసుకుంటోంది.

హాబెన్ గిర్మా అని ఇప్పటి మనిషి ఉంది, 2013లో హార్వర్డ్ లా నుంచి బయటికొచ్చిన మొదటి బధిరాంధురాలు, అంటే చూపూ వినికిడీ రెండూ సరిగ్గా లేని మనిషి. కాలేజీ క్యాంటీన్‌లో మెనూ తను చదవగలిగేలా ముందే మెయిల్ చెయ్యమంటే మాకు తీరిక లేదన్నారు, ఇది మీరు చేసే ఉపకారం కాదు చట్టం అని, కేసు వేస్తానని రాసింది, ఆ తర్వాత మెయిళ్ళు సక్రమంగా వచ్చాయి. ఎదుటివాళ్ళు కీబోర్డు మీద టైప్ చేస్తే తన వేళ్ళ కింద బ్రెయిల్ చుక్కలు లేస్తాయి. ఆ యంత్రం ఉంటే మన అబ్బాయి కూడా అమ్మ లేకుండా టోకెన్ నంబర్ అడగగలడు. ముందు బ్రెయిల్ నేర్పాలి గదా, తెలుగు బ్రెయిల్ ఉంది, తొమ్మిదో తరగతిలో చూపు మందగిస్తున్నప్పుడే ఎవరైనా మొదలెట్టి ఉంటే బాగుండేది, ఒక్కరూ చెప్పలేదంట.

నేను ఇవన్నీ అడుగుతుంటే అబ్బాయి అమ్మ చెయ్యి లాగాడు. ఆవిడ ఏదో రాసింది, వాడు నవ్వి, గట్టిగా, కొంచెం ముక్కుతో ఒక మాటన్నాడు. హాలంతా తిరిగి చూసింది. ఏం రాశావమ్మా అన్నాను.

"పక్కన ఎవరో ఒకాయన నీ గురించి అన్నీ అడుగుతున్నాడని రాశా బాబూ. నన్నే అడగొచ్చుగా అంటున్నాడు."

చెయ్యి ముందుకు చాపాడు. నేను వేలు పెట్టి, ఏ అక్షరంతో మొదలెట్టాలో తెలీక అలాగే ఉండిపోయాను.