మా పెద్దమ్మ సన్నద్ధతపై తనిఖీ నివేదిక

తాడ్వాయి అడవంచున, వాగు అవతల, చేన్లో మా పెద్దమ్మ ఇల్లు. కరెంటు స్తంభాలు వాగు ఇవతలే ఆగిపోయాయి. అలాంటి ఇంటిని ఆపదకు సిద్ధం చేయడం చదువుకున్నవాడి బాధ్యత కనుక, హన్మకొండ నుంచి నేనే స్వయంగా బయలుదేరాను. వెంట ఒక కిట్టు: రెండు పవర్ బ్యాంకులు, చిన్న ఫ్యాను, టార్చి. అన్నీ చార్జింగు పెట్టుకునేవే. ఎక్కడ పెట్టాలో అమ్మినవాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

"పెద్దమ్మా, మూడు రోజులకు సరిపడా తిండి నిల్వ ఉండాలె" అని మొదలుపెట్టాను.

ఆమె గుమ్మి వైపు చూసింది. వచ్చే పంట దాకా సరిపోను వడ్లున్నాయి. అటక మీద తడవని కట్టెలు, పిడకలు. మూలన తొక్కు జాడీ.

"మూడు దినాలకేనా కొడుకా? నాలుగోనాడు ఏం తింటరు మీరు?"

నా ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

వెలుతురు సంగతికొస్తే, కప్పు మీద చిన్న సోలారు పలక. దాని మీది దుమ్ము పొద్దున్నే కొంగుతో తుడుస్తుంది. బ్యాటరీ సగం దిగగానే దీపం ఆర్పేస్తుంది, "పూరా గుంజితే సచ్చిపోతది" అని. మా ఇంట్లో ఇన్వర్టరుకు డిస్టిల్డ్ వాటర్ పోసి రెండేళ్లయింది. ఈ విషయం నివేదికకు అనవసరం.

2023 జూలై చివర్లో ఇదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆనాడు మా అపార్టుమెంటులో మోటారు ఆగింది, ట్యాంకు ఎండింది. నీళ్ల మధ్య నిలబడి నీళ్ల క్యాను కోసం ఫోన్లు చేశాం. పెద్దమ్మ మాత్రం చీకటి పడకముందే మేకల్ని మెరక మీదికి తోలి, బర్రె పలుపు విప్పేసి, పట్టాబుక్కునూ ఆధార్‌నూ కవర్లో చుట్టి డబ్బాలో పెట్టి అటకెక్కించిందట. ఇందులో దేనికీ ఆమె దగ్గర శిక్షణ పత్రం లేదు.

2024 డిసెంబరు 4న పొద్దున 7.27కు ములుగు వైపు 5.3 తీవ్రతతో భూమి కదిలింది. మేం లిఫ్టు దగ్గర క్యూ కట్టాం. ఆమె బర్రె గోడకు రాసుకుంటోందనుకుని అదిలించిందట.

లోపాలు లేవని కాదు. పాము కరిస్తే పసరు పొయ్యొద్దు, కట్టు బిగించొద్దు, కాలు కదలనీయకుండా దవాఖానకు తీసుకుపోవాలని వివరంగా ఉపన్యసించాను. అంతా విని అడిగింది: "వాగొస్తే 108 అవుతలి గట్టునే ఆగుతది. మరెట్ల తీస్కపోతవ్?"

వంతెన గుమ్మిలో దాచుకునేది కాదాయె. చాలాసేపు ఆలోచించి, నివేదికలో 'లబ్ధిదారుకు అవగాహన లోపం' అని రాశాను.

కిట్టు అక్కడే వదిలేశాను. నేను చెప్పులేసుకునేసరికే ఒక పవర్ బ్యాంకు తొక్కు జాడీ మూత మీద బరువుగా కూర్చుంది.