క్లిక్కులు 3,840 ట, మరి మనుషులేరీ?

ఇప్పుడే మా పచ్చళ్ల వ్యాపారానికి ఫేస్‌బుక్ యాడ్స్ నడిపే కుర్రాడు నెల రిపోర్టు పంపాడు. పైన రాకెట్ బొమ్మ, కింద "క్లిక్స్ 3,840 మేడమ్, సూపర్!" నా సైట్ అనలిటిక్స్ తెరిస్తే అదే నెలకి సెషన్లు, అంటే జనం సైట్‌కొచ్చిన సార్లు, 1,412. మిగతావాళ్లంతా కీసర టోల్‌గేట్ దగ్గర ఆగిపోయారా బాబూ అనడిగా. "రెండూ కరెక్టే మేడమ్, మెట్రిక్స్ వేరు" అంటాడు!

వేరే! వాడు చూపించింది 'క్లిక్స్ ఆల్' కాలమ్. లైక్ కొట్టినా క్లిక్కే, ఫోటో పెద్దది చేసుకున్నా క్లిక్కే. మా అత్తగారు ఆవకాయ ఫోటో పెద్దది చేసి మరీ చూసి "నూనె తేలలేదే" అని కామెంట్ పెట్టారు. ఆవిడొక్కరే రెండు క్లిక్కులు. (నూనె మూడో రోజుకి తేలుతుంది, ఆవిడకీ తెలుసు. సరే, అది వేరే పోస్టు.) పక్కనే 'లింక్ క్లిక్స్', 'ల్యాండింగ్ పేజ్ వ్యూస్' (లింకు నొక్కాక పేజీ నిజంగా తెరుచుకున్న లెక్క) అని కాలమ్‌లున్నాయి. అవి రిపోర్టులోకి రావు, ఎందుకో మరి! లింకు నొక్కి, పేజీ తెరుచుకునేలోపు విసుగొచ్చి పోయినవాడు వాళ్లకి క్లిక్కు, నాకు గాలి.

వీడియో వ్యూస్ 22 వేలట. మూడు సెకన్లు ఆడితే వ్యూ. మూడు సెకన్లలో జాడీ వాసెన కూడా ఊడదు. మూడు సెకన్లు కూడా చూడనివాళ్లని లెక్కలోంచి వదిలేసి సగటున చూసిన సమయం ఎక్కువ చూపించామని 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది కదా, ఇక వీడెంత.

అన్నిటికంటే మండింది 'కన్వర్షన్స్ 31', అంటే యాడ్ వల్ల జరిగాయని వాళ్లు చెప్పే కొనుగోళ్లు. యాడ్ కంటబడి, నొక్కకపోయినా, ఒక్క రోజులోపు కొంటే అదీ వాళ్ల ఖాతాలోకే. విజయవాడ పిన్ని నెలనెలా రెండు కేజీల గోంగూర తెప్పించుకుంటుంది. "నీ యాడ్ కనబడిందే అమ్మాయ్" అని ఫోన్లో మురిసిపోయింది. అంతే, పిన్ని కన్వర్షన్! పదేళ్లుగా నా పచ్చడి తింటున్న మనిషిని నాకే పరిచయం చేసి, మీద 18 శాతం జీఎస్టీ.

మా పేపర్ ఏజెంటూ ఇంతే. అప్పట్లో సంక్రాంతికి ఐదు వేల పాంప్లెట్లు వేయిస్తే "అన్నీ పంచేశానమ్మా" అని డబ్బులు పట్టుకెళ్లాడు. మూడో రోజు వీధి చివర బండి దగ్గర మిరపకాయ బజ్జీ కొంటే, దాని కింద కాగితం నాదే. నూనె మరకలో నా ఫోన్ నంబరు.

అయినా ఆ బజ్జీలు తిన్నవాళ్లలో ఇద్దరు ఫోన్ చేశారు. ఇద్దరూ చెరో కేజీ కొన్నారు.