‘కరోనా బ్యాచ్’ ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లకు ఉద్యోగాలు ఇవ్వొద్దంటారా?

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. స్వచ్ఛంద సంస్థల వాళ్ల గ్రూపులో, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో, చివరికి మా వీధి గ్రూపులో కూడా. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చదివినవాళ్ల గురించి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘2019-21, 2020-22 ఎంఎస్‌డబ్ల్యూ బ్యాచ్‌ల వాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోకండి. ఒకటి, వాళ్లు ఫీల్డు ముఖం చూడలేదు, ఫోన్‌లో సోషల్ వర్క్ చేశారు. రెండు, నర్సులు డ్యూటీకి వెళ్తుంటే వీళ్లు ఇంట్లో కూర్చున్నారు. మూడు, విదేశీ వెబినార్లు విన్నారు, అవి మన బస్తీలకు పనికిరావు. నాలుగు, ఈ-సర్టిఫికెట్లు పోగేసుకున్నారు. అయిదు, నలుగురికీ సాయం చేయాల్సిన వాళ్లే మాకు సపోర్ట్ కావాలని ఏడ్చారు. అలాంటి వాళ్లు ఈ వృత్తికి పనికిరారు.’

విశాఖలో ఆ రెండు బ్యాచ్‌ల పిల్లలకూ ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. వాళ్ల రికార్డింగులు, అంటే ఫీల్డులో చేసిన పని గురించి రాసుకునే నివేదికలు, చదివి సంతకం పెట్టిన చెయ్యి నాది. ఊరుకోవడం నా వల్ల కాదు.

సర్టిఫికెట్ల సంగతి నిజమే. రోజుకో వెబినార్, ఫారం నింపగానే మెయిల్‌కు ఒక సర్టిఫికెట్. ఇంటర్వ్యూలో వాటిని నేనూ చూడను. కానీ ఆ వెబినార్లు పెట్టింది కాలేజీలు, పిల్లలు కాదు.

నర్సులతో పోలిక అన్యాయం. నర్సుకు జీతం ఉంది, ఆస్పత్రి ఉంది, పీపీఈ కిట్ ఇవ్వాల్సిన బాధ్యత ఒకరి మీద ఉంది. ఇరవై రెండేళ్ల విద్యార్థిని మాస్కొకటి చేతికిచ్చి బస్తీలోకి పంపితే, రేపు ఆ పిల్లకు ఏదైనా అయితే వాళ్ల అమ్మకు ఎవరు సమాధానం చెబుతారు? ఈ మెసేజ్ రాసినాయన చెబుతారా?

ఫోన్‌లో సోషల్ వర్క్ ఏమిటంటున్నారు. ఏ పిల్లాడైనా ఆపదలో ఉంటే మీరు తిప్పే 1098 ఎక్కడ పుట్టింది? 1996లో ముంబైలో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఫీల్డ్ ప్రాజెక్టుగా. అదే సంస్థ 2012లో ఐకాల్ అనే కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ పెట్టింది. ఫోన్ మీద మనిషిని ఆదుకోవడం కరోనా నాడు పుట్టిన షార్ట్‌కట్ కాదు, మన వృత్తిలో ఎప్పటి నుంచో ఉన్న పని.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. లాక్‌డౌన్‌లో ఎవరిని ఇంట్లోంచి కదలొద్దన్నారో ఆ జనమే ఆ రాత్రి ఇల్లు వదిలి పరుగెత్తాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల కుటుంబాలకు మా విద్యార్థులు ఫోన్లు చేశారు. ఒకమ్మాయి రికార్డింగులో రాసిన వాక్యం నాకింకా గుర్తుంది: ‘అవతల అమ్మ మాట్లాడడం లేదు, కుక్కర్ విజిల్ వినిపిస్తోంది, నేను ఫోన్ పెట్టేయలేదు.’ అలా మాట్లాడకుండా పక్కన ఉండగలగడం నేర్పడానికి మామూలు రోజుల్లో మాకు ఒక సెమిస్టర్ పడుతుంది. ఇంతకన్నా ఫీల్డంటే ఏం చూపించమంటారు?

విదేశీ పాఠాల దగ్గరకు వద్దాం. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో ఒక స్కూలుతో మొదలైంది, ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ అదే. ఆ స్కూలు మొదటి డైరెక్టర్ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అమెరికా నుంచి వచ్చినవాడు. బయటివాళ్ల పాఠం పనికిరాదనుకుంటే మన డిగ్రీలన్నీ వెనక్కి ఇచ్చేయాలి. అదలా ఉంచి, నేను చూసింది చెబుతాను.

ఎబోలా జబ్బు రోజుల్లో సియెర్రా లియోన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో ఏం జరిగిందో ఒక ఆన్‌లైన్ క్లాసులో మా పిల్లలు విన్నారు. అక్కడ శవానికి స్నానం చేయించే ఆచారం వల్ల జబ్బు పాకింది. అధికారులు శవాలను చెప్పాపెట్టకుండా తీసుకుపోతే జనం తిరగబడ్డారు, జబ్బు మనిషిని దాచడం మొదలుపెట్టారు. దాంతో 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. కుటుంబాన్ని కలుపుకొని, దూరం నుంచే ప్రార్థన చేయనిచ్చి, గౌరవంగా ఖననం చేయించింది.

తర్వాత కొన్నాళ్లకు గాజువాకలో ఒకాయన కరోనాతో పోయారు. నాన్న ముఖం కూడా చూడనివ్వరట అని కొడుకు ఫోన్‌లో గోలపెడుతున్నాడు. మా విద్యార్థికి ఆ క్లాసు గుర్తొచ్చి, మన దగ్గర రూల్ ఏముందో వెతికాడు. 2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: సిబ్బంది బ్యాగు జిప్పు తీసి చివరిసారి ముఖం చూపించవచ్చు, శవాన్ని తాకకుండా మంత్రాలు చదవవచ్చు, తీర్థం చల్లవచ్చు. ఆ పేజీ ఫోన్‌లో పంపి, ఎవరిని ఎలా అడగాలో చెప్పాడు. కొడుకు తండ్రి ముఖం చూశాడు. సియెర్రా లియోన్ పాఠం గాజువాకకు పనికిరాదని ఆ కుటుంబానికి వెళ్లి చెప్పండి.

ఇక అయిదో పాయింటు. మిగతావన్నీ తెలియక రాసినవి అనుకోవచ్చు. ఇది మాత్రం మనుషులకు హాని చేసే మాట.

సపోర్ట్ అడిగిన వాళ్లెవరో మీకు తెలుసా? పాడేరు దగ్గర కొండ మీద సిగ్నల్ కోసం ఇంటికి దూరంగా వెళ్లి కూర్చున్న కుర్రాడు. ఇంకో పిల్ల ఇంట్లో ఒకటే ఫోన్, అందులో తమ్ముడి పదో తరగతి క్లాసులు అయ్యాకే తనకు ఎంఎస్‌డబ్ల్యూ క్లాసులు. ఆటో నడిపే నాన్నకు కిరాయిల్లేక నెట్ రీఛార్జికి మొహమాటపడిన పిల్ల ఇంకొకరు. సెకండ్ వేవ్‌లో తల్లిని పోగొట్టుకున్న అమ్మాయికి, కొద్దిరోజులకే, అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల లిస్టు అప్పగించారు. ‘మేడమ్, ఈ లిస్టు నేను చేయలేను’ అంది. ఏడుస్తూనే అంది. అది బలహీనతా? తన బాధ అవతలివాళ్ల బాధలో కలిసిపోతుందని గుర్తుపట్టి ముందే చెప్పడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన విషయం. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా చెప్పలేక, పైకి నవ్వుతూ లోపల కుంగిపోతారు. ఆ లిస్టు తీసేసి రేషన్ సమన్వయం పని ఇచ్చాను. వారానికోసారి గంటసేపు తనతో మాట్లాడాను.

సూపర్‌వైజర్, విద్యార్థి ఇద్దరే కూర్చుని మాట్లాడుకునే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ అని మనం పెట్టుకున్నది ఎందుకు? క్లయింట్ గురించి మాట్లాడడానికే కాదు, విద్యార్థి ఎలా ఉన్నాడో అడగడానికి కూడా. అడిగినవాళ్లను పనికిరారని తోసేస్తే, రేపు క్లయింటుకు ‘నోరు విప్పి అడగండి’ అని ఏ ముఖంతో చెబుతారు? ఈ మెసేజ్ చదివిన పిల్ల ఇక జన్మలో ఎవరినీ సాయం అడగదు. అదేనా మీకు కావాల్సింది?

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. గడప దాటి లోపలికి వెళ్తే కనిపించేది ఫోన్‌లో కనిపించదు. ‘అంతా బాగానే ఉందమ్మా’ అంటున్న ఆడమనిషి పక్కన భర్త నిలబడి ఉన్నాడో లేదో తెలియదు. జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో గృహ హింస ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు పెట్టిందంటే, గొంతెత్తి చెప్పుకోలేని వాళ్లు ఉన్నారనే. అవునో కాదో చెబితే సరిపోయేలా ప్రశ్నలు అడగడం మా పిల్లలు నేర్చుకున్నారు. అయినా పల్లెల్లో ఉండి పనిచేసే రూరల్ క్యాంప్ పోయింది, జనంతో బృందాలుగా పనిచేసే గ్రూప్ వర్క్ సగమే వచ్చింది. ఆ లోటు ఉంది.

అందుకే ఆ బ్యాచ్‌ల వాళ్లు వస్తే మేం మొదటి మూడు నెలలు సీనియర్ వెంట ఇళ్లకు పంపుతాం, ప్రతి విజిట్‌కూ రికార్డింగ్ రాయిస్తాం. మీరూ అలా చేయొచ్చు. ఇంటర్వ్యూలో వాళ్ల ఫోన్ కేసుల ఫైలు అడిగి తెప్పించుకుని, రెండు పేజీలు చదివాక నిర్ణయించుకోండి.