పొపోవ్ వేగం వెనుక పొదుపు

రష్యా ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ పేరెత్తగానే చాలామంది చెప్పేది కత్తిపోటు కథే. 1996 ఆగస్టు, మాస్కో. అట్లాంటా ఒలింపిక్స్‌లో 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాలు రెండూ గెలిచి అప్పటికి నెల రోజులైంది. వీధిలో పుచ్చకాయలు అమ్మేవాళ్లతో గొడవ ముదిరి ఒకడు అతన్ని కత్తితో పొడిచాడు. ఊపిరితిత్తికి, మూత్రపిండానికి దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేసి బతికించారు. మరుసటి ఏడాది సెవిల్‌లో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్‌లో అతను మళ్లీ ఆ రెండు పోటీలూ గెలిచాడు.

దీన్ని అందరూ గుండెధైర్యం కథగా చెబుతారు. ధైర్యం లేకపోతే కోలుకునేవాడు కాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ నేను మాత్రం అతని ఈత తీరుకే ఎక్కువ మార్కులు వేస్తాను. కండబలాన్నే నమ్ముకున్న స్ప్రింటర్‌కి అంత పెద్ద గాయమైతే సగం వేగం అక్కడే పోతుంది. పొపోవ్ వేగం కండల్లో కంటే అలవాటులో ఎక్కువ ఉండేది. ఆ అలవాటును కత్తి తాకలేకపోయింది.

నీళ్లలో వేగం పెంచుకోవడం చాలా ఖరీదైన పని. నీటి నిరోధం ఇంచుమించు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, కావలసిన శక్తి ఘనంతో పాటు పెరుగుతుంది. అంటే పది శాతం వేగం పెరగాలంటే మూడో వంతు అదనపు శక్తి పెట్టాలి. ఎంత బలవంతుడైనా ఈ లెక్క దగ్గర అలసిపోతాడు. ఇక మిగిలే దారి, నీళ్లు మనల్ని పట్టి ఆపే అవకాశం తగ్గించుకోవడం.

కోచ్ గెన్నడి తురెట్‌స్కీ పట్టుకున్నది ఆ దారినే. అప్పటిదాకా బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈత) ఈదే కుర్రాణ్ని 1990లో ఫ్రీస్టైల్‌కి మార్చాడు. కిలోమీటర్ల కొద్దీ నెమ్మదిగా ఈదించేవాడు. అయితే ఆ నెమ్మదిలో కూడా పోటీలో ఈదే తీరు చెడకూడదు. పొపోవ్ పాత రేసుల వీడియోలు ఒకసారి చూడండి. ముందుకు చాపిన చెయ్యి తొందరపడి కిందికి దిగదు, రెండో చెయ్యి తిరిగి వచ్చేదాకా దాదాపు అలాగే ఉంటుంది. మోచెయ్యి ఎత్తుగా లేస్తుంది. నడుము, భుజం కలిసి పక్కకి ఒరుగుతాయి, తల కదలదు. పక్క లేన్లలో నీళ్లు ఉడికిపోతుంటే ఇతని చుట్టూ నురగ తక్కువే. గట్టు మీద నుంచి చూసేవాళ్లకి ఇతనే అందరికంటే నిదానంగా ఈదుతున్నట్టు అనిపిస్తుంది. దాదాపు రెండు మీటర్ల పొడుగు కూడా కలిసొచ్చింది. కానీ పొడుగువాళ్లు ప్రతి ఫైనల్లోనూ ఉంటారు కదా.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 50 మీటర్లలో అతని ప్రత్యర్థి, 1988 సియోల్ ఒలింపిక్స్ విజేత అయిన అమెరికన్ మాట్ బియోండి. పొపోవ్ 21.91 సెకన్లలో ముగించాడు, బియోండి 22.09. వంద మీటర్ల స్వర్ణమూ పొపోవ్‌దే. సోవియట్ యూనియన్ అప్పటికే విడిపోయింది కాబట్టి ఆ పతకాలు యూనిఫైడ్ టీమ్ (మాజీ సోవియట్ దేశాల ఉమ్మడి జట్టు) పేరు మీద వచ్చాయి. తర్వాత తురెట్‌స్కీ ఆస్ట్రేలియా వెళ్తే శిష్యుడూ వెంట నడిచి కాన్‌బెర్రాలో స్థిరపడ్డాడు. దేశం మారినా, వ్యవస్థ మారినా గురువును మార్చుకోకపోవడం అతని జీవితంలో అతి ముఖ్యమైన నిర్ణయం అని నా నమ్మకం. 1994లో మోంటే కార్లోలో వంద మీటర్లలో నెలకొల్పిన 48.21 సెకన్ల ప్రపంచ రికార్డు ఆరేళ్లు నిలిచింది. అట్లాంటాలో వంద మీటర్ల స్వర్ణాన్ని నిలబెట్టుకున్నప్పుడు, 1920లలో అమెరికన్ ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ తర్వాత ఆ పని చేసిన మొదటి పురుషుడయ్యాడు.

ఈ తీరుకు హద్దులు లేవని కాదు. 50 మీటర్లలో దూకడం, మొదటి కొన్ని మీటర్లు చాలా కీలకం. ఎంత అందంగా ఈదినా అక్కడ పోయింది తిరిగి రాబట్టడానికి దూరం సరిపోదు. 1998 పెర్త్ ప్రపంచ పోటీల్లో పెద్దగా పేరులేని అమెరికన్ బిల్ పిల్చుక్ అతన్ని అక్కడే దెబ్బ కొట్టాడు. 2000 సిడ్నీలో వంద మీటర్లలో నెదర్లాండ్స్ ఈతగాడు పీటర్ వాన్ డెన్ హోగెన్‌బాండ్ వెనుక రజతంతో సరిపెట్టుకున్నాడు, 50లో ఆరో స్థానం. చాలామంది ఇక అతని పని అయిపోయిందనుకున్నారు.

మూడేళ్ల తర్వాత, 2003 ప్రపంచ పోటీలు బార్సిలోనాలోనే జరిగాయి. 31 ఏళ్ల పొపోవ్ మళ్లీ 50, 100 రెండూ గెలిచాడు. 50 మీటర్లలో టైమింగ్ 21.92. అదే నగరంలో పదకొండేళ్ల కిందట, 20 ఏళ్ల వయసులో వచ్చిన దానికి తేడా సెకనులో నూరో వంతు. స్ప్రింట్ కుర్రాళ్ల ఆట అనేవాళ్లకి నేను చూపించే అంకె ఇదే. వయసుతో తగ్గేది బలం. అతను మొదటి నుంచీ దాన్ని పొదుపుగానే వాడాడు.

2004 ఏథెన్స్‌లో రెండింటిలోనూ ఫైనల్ చేరలేదు, మరుసటి ఏడాది రిటైరయ్యాడు. సిడ్నీకి ముందు మాస్కోలో 50 మీటర్లలో సాధించిన 21.64 ప్రపంచ రికార్డును మాత్రం 2008 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఎమన్ సల్లివాన్ 21.56తో చెరిపేదాకా ఎవరూ తాకలేకపోయారు.